హాతీరాం ఇంటి దూలాలు

2024 మే 12, ఆదివారం

బాయిలో నా జతగాడు హాతీరాం తన పెంకుటిల్లు విప్పుతున్నాడు. స్లాబ్ వేస్తాడట. దూలాలు నువ్వే తీస్కపో అన్నా, నీ తోట పనికొస్తయి అన్నాడు. పదకొండు దూలాలు, ఒక మోపెడు వాసాలు. అన్నీ నల్లమద్ది. వాళ్ల నాయన రూప్లా అరవై ఏళ్ల కింద సొంతంగా చెక్కినవి. పొయ్యి పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతున్నాయి.

నేను రిటైరై రెండేళ్లయింది. ఇంటి వెనక రెండు గుంటల జాగా ఖాళీగా ఉంది. బీరకు, సొరకు ఒక పందిరి వెయ్యాలి. వాసాలు కోసి మట్టి పెట్టెలు చెయ్యాలి. నిలబడే ఆకుకూర కోసుకునేంత ఎత్తు ఉండాలి. నా భార్య పుష్పలతకు నడుము నొప్పి, వంగలేదు.

పుష్ప ఏమో ఇనుప పైపులు తెస్తే పాయె గదయ్యా, ఒక్క రోజు పని అంటుంది. ఇనుము వద్దన్నాను. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసినవాణ్ణి. పైకప్పు కూలకుండా కింద కట్టె ప్రాపులు నిలబెట్టడం నా డ్యూటీ. కట్టె విరిగే ముందు చెప్తుంది. ఇనుము చెప్పదు. ఒకసారి ప్రాపు చిటుక్కుమంటే హాతీరాం చొక్కా పట్టి గుంజాను. వాడు నిలబడ్డ చోట లారీడు బండ పడింది. అంతకుముందు నన్ను గోపాలూ అనేవాడు. ఆ రోజు నుంచి అన్నా అంటాడు.

మే 14

దూలాలు తెస్తున్న ట్రాక్టర్‌ను ఫారెస్ట్ వాళ్లు ఆపారు. పర్మిట్ ఏదన్నారు. పాత మేకుల బొక్కలు చూపించాను. మసి చూపించాను. వేళ్లకంటిన మసి తుడుచుకుంటూ పొమ్మన్నారు.

మే 17, ఉదయం 6.30

దూలాలను సుత్తితో తట్టి చూశాను. బాయిలో పైకప్పును తట్టి చూసినట్టే. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల చెడితే డొల్ల మోత, బొద్‌మంటుంది.

మొదటిది బొద్‌మంది. రెండోదీ అంతే. మూడోది చూడటానికి ఏనుగు కాలంత ఉంది, అదీ బొద్. పదకొండూ తట్టాను. పదకొండూ పుచ్చులే.

మే 17, సాయంత్రం

హాతీరాం వచ్చాడు. ఉన్నమాట చెప్పాను. మీ నాయన కట్టె మొత్తం పుచ్చురా, పొయ్యిలకే పనికొస్తది అన్నాను. నాకు దాపరికం చేతకాదు. బాయిలో మాట నాన్చితే మనిషి పోతాడు.

వాడు ఒక దూలం మీద చెయ్యి పెట్టాడు. మా నాయన పుచ్చు కట్టె ఇంట్ల పెడ్తడా అన్నా అన్నాడు. చాయ్ తాగకుండా పోయాడు. పుష్ప నా మీదికి లేచింది. కట్టె సంగతి తర్వాత, గా చెప్పుడేంది అంది.

మే 19

హాతీరాం ఫోన్ ఎత్తడం లేదు.

మే 20

ఇవాళ కూడా ఎత్తలేదు.

టీవీ దగ్గర పుష్పతో గొడవ. మనం పెట్టిన వార్తలు పక్కింటోళ్లు ఇంటున్నరు, చెవుల డాక్టర్ దగ్గరికి పోరాదా అంది. ఆమెకు మెల్లగా మాట్లాడే రోగం. ఈ మధ్య అందరికీ అదే రోగం పట్టుకుంది.

మే 23

పొయ్యిలోకి కొడదామని గొడ్డలి పట్టాను. నాలుగో దూలం మీద వేస్తే గొడ్డలి ఎగిరి నా మీదికే వచ్చింది. చెక్క లేచిన చోట చూస్తే లోపల బండలా ఉంది. పుచ్చు లేదు, చెద లేదు.

పుష్ప వచ్చి రోకలితో కొట్టింది. ఖంగుమంటుంది గదయ్యా, గుళ్లె గంట లెక్క అంది. నాకు బొద్.

ఇత్తడి బిందె తెమ్మన్నాను. బోర్లించి గరిటెతో కొట్టమన్నాను. బొద్. ఇంకా గట్టిగా కొట్టమన్నాను. గోడ అవతల పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. నాకు మాత్రం బొద్.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ అని నవ్వబోయిన మనిషి, నా మొహం చూసి ఆగిపోయింది. బిందె తీసుకుని లోపలికి పోయింది.

మే 24, ఉదయం 5.00

ఎప్పటి నుంచి?

చెవులు నిన్న పోలేదు. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ మధ్య బతికాను. రిటైరయ్యే నాటికే పోయి ఉంటాయి. ఇంకా ముందేనేమో. చెవి టెస్టులో హెడ్‌ఫోన్ పెట్టి, సౌండ్ వినబడితే చెయ్యి ఎత్తమనేవారు. ఆఖరి రెండుసార్లు నేను వాళ్ల వేళ్లు చూసి ఎత్తాను. బటన్ నొక్కితే ఎత్తాను. అప్పుడు అదొక తెలివి అనుకున్నాను. చెవి మందమని తెలిస్తే పైన సర్ఫేస్ మీద పని ఇస్తారు. టింబర్‌మన్ గోపాలు పైన కూర్చుని చిట్టీలు రాయడమా అనుకున్నాను.

షిఫ్టు పెద్ద సర్దార్ పైకప్పు చూసి వెళ్లాక కూడా నా వెనక ఉన్నవాళ్లు నా చేతికర్ర వైపే చూసేవారు. నేను తట్టి తలూపితేనే అడుగు వేసేవారు. వినబడని చెవులతో తలూపానా? డొల్ల పైకప్పును మంచిదని ఎంతమందిని దాని కిందికి పంపాను? ఎవరికీ ఏమీ కాలేదు, నిజమే. అది నా గొప్పా, వాళ్ల అదృష్టమా?

ఒక్కొక్క మొహం గుర్తొస్తోంది. అందరికీ పెళ్లాం పిల్లలున్నారు. తప్పు చేశానా అని కాదు అడిగేది, చేశాను. ఎంత పెద్ద తప్పో తెలియాలి. చెప్పగలిగేది హాతీరాం ఒక్కడే. ఆఖరి షిఫ్టు దాకా నా వెనకే ఉన్నాడు. వాడేమో ఫోన్ ఎత్తడు.

మే 25

అన్నం సహించలేదు.

మే 27

తండాకు పోయాను. హాతీరాం పిల్లర్ గుంతల దగ్గర ఉన్నాడు. ముందు తప్పు ఒప్పుకున్నాను. మీ నాయన కట్టె ఇనుమురా, పుచ్చినయి నా చెవులు అన్నాను. తెలుసు అన్నాడు. నాకు వినబడేంత గట్టిగా అన్నాడు.

ఎప్పటి నుంచి తెలుసన్నాను. నువ్వు రిటైరయ్యే నాలుగేండ్ల ముందు నుంచే అన్నాడు. నువ్వు తట్టి డొల్ల, ప్రాప్ పెట్టు అనేటోనివి. నేను ఎనకనుంచి మల్ల తట్టేటోణ్ణి. మంచిగనే మోగేది. ఆఖరుకు నీకు అన్నీ డొల్లే అన్నా, మంచిది అనే మాటే నీ నోట్లకెళ్లి రాలె.

అప్పుడు గుర్తొచ్చింది. కట్టె దుబారా అని మా పై అధికారి ఓవర్‌మాన్ అరిచేవాడు. జతగాళ్లు చాదస్తం గోపాలు అని పేరు పెట్టారు. వాళ్లకు భయం లేదని నేను లోలోపల తిట్టుకునేవాణ్ణి. అంటే చెడ్డదాన్ని ఒక్కసారి కూడా మంచిదనలేదు. మంచిదాన్నే చెడ్డదన్నాను. అంతే చేశాను.

ఒక్కసారన్నా చెప్పరాదురా అన్నాను. చెప్తే నిన్ను పైకి పంపుదురు, నీ జాగల వచ్చెటోడు ఎసొంటోడో ఎవనికెర్క అన్నాడు. చొక్కా జరిపి భుజం చూపించాడు. కాయ కాచి ఉంది. నువ్వు పెట్టుమన్న ప్రాపులు మోసి మోసి గిట్లయింది, గని ఒక కట్టె ఎక్కువైతే ఎవడు సచ్చిండన్నా అన్నాడు. మా నాయన కట్టెను అంటివి సూడు, గదే తగిలింది.

వాడి ముందే ఏడ్చాను. సిగ్గనిపించలేదు. చాయ్ రెండుసార్లు పోయించుకుని తాగాను.

జూన్ 8

మృగశిర కార్తె. హాతీరాం సుత్తి తీసుకుని వచ్చాడు. వాడు తడుతుంటే నేను అరచెయ్యి దూలానికి ఆనించాను. మంచి కట్టె చేతిలో జుమ్మంటుంది. బాయిలో పాతవాళ్లు ఇట్లాగే చూసేవారు. నా చెవులున్నాయి కదా అనే పొగరుతో నేను నేర్చుకోలేదు.

తొమ్మిది మంచివి. రెండు నిజంగానే పుచ్చు. మా నాయన గూడ రెండు తప్పులు చేసిండు పో అని వాడే నవ్వాడు. ఆ రెండూ తునకలు చేసి మట్టి పెట్టెల అడుగున వేశాం, తేమ పట్టి ఉంటాయి. ఆరు గుంజలకు అడుగు భాగం నిప్పులో కాల్చి, వేపనూనె పూసి పాతాం. మూడు దూలాలు పైన అడ్డం. గొడ్డలి గాటు ఉన్న గుంజను రోజూ నా కంట్లో పడేలా ముందు నిలబెట్టాను.

పుష్ప నిలబడే తోటకూర విత్తనాలు చల్లింది. నడుము మీద చెయ్యి పెట్టుకోలేదు. చూశాను.

జూన్ 20

ఖమ్మంలో చెవి టెస్ట్. డాక్టరమ్మ వేళ్లు చూడకూడదని కళ్లు మూసుకున్నాను. చాలాసేపు చెయ్యి ఎత్తే పనే పడలేదు. చెవికి మిషన్ రాసింది.

జూలై 9

మిషన్ వచ్చింది. పుష్ప గొంతు ఇంత పెద్దదా!

ఆగస్టు 18, ఆదివారం

బీరకాయలు చేతికందుతున్నాయి. హాతీరాం భోజనానికి వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. మిషన్ పెట్టుకుని అన్నీ తట్టాను. అన్నీ ఖంగుమన్నాయి. మంచిది అన్నాను. వాడు అన్నం కలపడం ఆపి నన్ను చూశాడు.

అయినా మిగిలిన వాసం ఒకటి తెచ్చి, వాడి నెత్తి మీది దూలం కింద ప్రాపు పెట్టాను. వాడు ఎడమ చేత్తో దాని అడుగు కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో తింటూనే ఉన్నాడు.