ఆగ్నెస్ వాటా

సెప్టెంబర్ 6, 2011, మంగళవారం

వాన లేదు. నాన్న ఇంకో పదకొండు ఆవుల్ని వేలానికి తోలి వచ్చాడు. టోపీ తీయకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు.

మధ్యాహ్నం లీజు ఏజెంటు వచ్చాడు. ఆయిల్ కంపెనీ తరఫున. పేరు ప్రూయిట్. టెక్సస్‌లో మా వైపు ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఇలాంటివాడొకడు కాఫీ తాగుతున్నాడు. పైన గడ్డి ఎవరిదన్నది వాళ్ళకి పట్టదు. అడుగున ఉన్న చమురు ఎవరిదో కావాలి. మా ముత్తాత వీలునామా రాయకుండా పోయాడు కాబట్టి మా నూట అరవై ఎకరాల అడుగు ఆయన పిల్లలకి సమానంగా వస్తుందట. కోర్టులో దొరికిన పాత కాగితంలో ఇద్దరే ఉన్నారట. ఫీలిక్స్, ఆగ్నెస్. ఫీలిక్స్ మా తాతయ్య. ఆయన వాటా నాన్నది. మరి ఈ ఆగ్నెస్ సంగతేంటి అంబ్రోస్ గారూ, అని అడిగాడు.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, చర్చి వెనకాల ఆ పేరుతో రాయి ఉంది, వెళ్ళి చూసుకోండి అన్నాడు.

ఆ రాయి నాకు తెలుసు. నా మోకాలంత ఉంటుంది, మీద గొర్రెపిల్ల బొమ్మ. ఆత్మల పండగనాడు అన్ని సమాధుల మీదా ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తాం, దాని మీద మాత్రం రెండు. పసిపిల్ల కదా, చీకటంటే భయమని రెండు అనుకునేదాన్ని.

సెప్టెంబర్ 9, శుక్రవారం

ప్రూయిట్ చర్చి ఆఫీసుకి వచ్చాడు. ఆగ్నెస్ చనిపోయినట్టు కాగితం కావాలట. ఫాదర్ ఊళ్ళో లేరు. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నది నేనే కాబట్టి ఎక్కడ వెతకాలో తెలుసు. మరణాల పుస్తకం, 1932, జనవరి. ఆగ్నెస్ ఓపియేలా, మా ఇంటిపేరే, పది నెలలు, దగ్గు. టైప్ చేసి ముద్ర వేసి ఇచ్చాను. ఇంత శుభ్రంగా పని చేసే ఆఫీసు ఈ కౌంటీలో ఇంకోటి లేదన్నాడు. చెవులు వేడెక్కాయి. థాంక్స్ చెప్పడానికి నోరు తెరిచేలోపు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నా వంక చూడకుండా, లీజు కుదిరితే ఆస్టిన్ వెళ్ళి నీ లైబ్రరీ చదువు చదువుకోవచ్చు అన్నాడు. నాకు ఆ కోరిక ఉందని ఆయనకి తెలుసని నాకు తెలియదు.

సెప్టెంబర్ 20

1933 బాప్తిస్మాలకి వచ్చాను. మార్చి 5. ఆగ్నెస్. తండ్రి జోసెఫ్ ఓపియేలా, తల్లి తెక్లా.

తెక్లా నా పేరు కూడా. ముత్తవ్వ పేరే పెట్టారు. ముందు దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత తేదీ చూశాను.

పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టడం మావాళ్ళలో మామూలే. వరసగా ముగ్గురు వలెంటీన్‌లు పుట్టిన ఇల్లు కూడా ఈ పుస్తకాల్లో ఉంది. రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ప్రూయిట్ అడిగిన రోజు మాత్రం అది నా బుర్రకి తట్టలేదు.

మార్జిన్‌లో చిన్న అక్షరాలు ఉన్నాయి. పెళ్ళి ఎక్కడ జరిగినా అక్కడి ఫాదర్ ఇక్కడికి కబురు పంపాలి, ఇక్కడి ఫాదర్ బాప్తిస్మం పక్కన రాయాలి. అది రూలు. 1953 జూన్, కార్పస్ క్రిస్టీలో పెళ్ళి. వరుడు సెవెరో ట్రెవీన్యో.

పది నెలలకి పోయిన పిల్ల పెళ్ళి చేసుకోదు. నేను ముద్ర వేసిన కాగితంలో ప్రతి ముక్కా నిజమే. కానీ ప్రూయిట్ అడిగిన ఆగ్నెస్ ఆమె కాదు.

సెప్టెంబర్ 21

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 23

పక్క పొలం లియోనా గారు పూజకి పేరు రాయించడానికి వచ్చింది. ఎనభైకి దగ్గర పడింది. గురువారం మా నాన్న కోసం సాక్షి సంతకం పెట్టాలట. బయటి మనుషులు ఇద్దరు కావాలట, ఆగ్నెస్ పసితనంలోనే పోయిందని చెప్పడానికి. పెడతారా అని అడిగాను. పెట్టకేం పిల్లా, పోయింది కదా, రాయి కూడా ఉంది, అంది. ఇంకో ఆగ్నెస్ మాటేంటని అడిగాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

ఆవిడకి బాగానే వినపడింది. బ్యాగు మూసుకుంటూ, ఆ పుస్తకాలు నీ చేతికిచ్చిన ఫాదర్‌ని అనాలి, అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. మా క్లాసులో అందరికంటే గట్టిగా ఈల వేసేది అదే, అని చెప్పి వెళ్ళింది.

సెప్టెంబర్ 25, ఆదివారం

కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు నాకు వచ్చిన మంచి మార్కులన్నీ నోరు మూసుకున్నందుకే. ఇవాళ కూడా నోరు తెరవలేదు. రెండు కాగితాలు టైప్ చేశాను, 1932ది ఒకటి, 1933ది మార్జిన్‌తో సహా ఒకటి. నాన్న కంచం పక్కన పెట్టాను.

చదివాడు. సాసేజ్ చల్లారిపోయింది.

అప్పుడు చెప్పాడు. ఆ పెళ్ళినాటికి ఆయనకి నాలుగేళ్ళు. పత్తి కోతకి వచ్చిన మెక్సికన్ కుర్రాణ్ణి ఆగ్నెస్ అత్త చేసుకుంటానంటే ముత్తాత గేటుకి తాళం వేశాడట. మన ఆగ్నెస్ చర్చి వెనకాలే ఉంది, ఇంకో ఆగ్నెస్ మనకి లేదు, అన్నాడట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. రెండో కొవ్వొత్తి మాత్రం తాతయ్య మొదలుపెట్టాడు. ఎందుకని నాన్న ఎప్పుడూ అడగలేదు, అడగకుండానే తెలుసు.

నాకు ఈల నేర్పింది అత్తే అన్నాడు. బతికుందో లేదో నిజంగా తెలియదు తల్లీ, తెలుసుకోకుండా ఉంటే చాలనుకున్నాను, అన్నాడు. కాగితాలు మడుస్తూ, ఆ దిక్కుమాలిన మార్జిన్ కూడా టైప్ చేయాలా నువ్వు, అన్నాడు. కోపంగా అనలేదు.

కంచాలు కడుగుతుంటే ఆస్టిన్ గుర్తొచ్చింది. కంచాలు కడగడం ఆపలేదు.

సెప్టెంబర్ 29, గురువారం

సంతకాల రోజు. లియోనా గారు ముత్యాల దండ వేసుకుని వచ్చింది. ప్రూయిట్ పెన్ను తీశాడు. నాన్న రెండో కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపాడు.

ప్రూయిట్ రెండుసార్లు చదివాడు. అంబ్రోస్ గారూ, ఈ కాగితం నా కళ్ళబడకపోతే అడుగంతా మీ ఒక్కరిదే, అన్నాడు. బెదిరిస్తున్నట్టు కాదు, ఆఖరిసారి అడుగుతున్నట్టు. నాన్న సగమే నాది, ఆ సగానికే రాయండి అన్నాడు. లియోనా గారు దండ సర్దుకుంటూ, ఈ మాత్రానికి నన్ను బ్యూటీ పార్లర్‌కి పంపించారా, అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

అక్టోబర్ 8, శనివారం

కార్పస్ క్రిస్టీ. అడ్రస్ అక్కడి చర్చివాళ్ళు చెప్పారు. నీలం ఇల్లు, వాకిట్లో వలలు. ఆగ్నెస్ మామ్మ చేపలు వేయిస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ సెవెరో తాతయ్య పోయి ఆరేళ్ళయిందట.

నాన్న గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ అట్లకాడ పట్టుకుని, ఎవరు నాయనా నువ్వు, అంది. నాన్న ఈల వేశాడు. ఆవులని పిలిచే ఈల, రెండు విరుపులది.

ఆవిడ స్టవ్ ఆపింది.

తర్వాత సంగతి విన్నది. తాను చనిపోయినట్టు నేనిచ్చిన కాగితం చూపించమంది. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ముద్ర చక్కగా పడింది, నీ పనేనా అని నన్నడిగింది. అవును, తప్పయింది మామ్మా అన్నాను. ఇన్నాళ్ళకి నన్ను మామ్మా అన్న మొదటి ఓపియేలావి, ముందు తిను, అంది.

లీజు మాటకి మాత్రం తల అడ్డంగా ఊపింది. గేటుకి తాళం వేసినవాడి నేల కింద ఏముంటే నాకెందుకురా, అంది. నాన్న బతిమాలలేదు. అక్కడ నీ పేరు మీద యాభై ఎనిమిదేళ్ళుగా కొవ్వొత్తి వెలుగుతోంది అత్తా, ముందు మా నాన్న వెలిగించాడు, ఇప్పుడు నేను, అన్నాడు. ఆవిడ లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఫీలిక్స్ వెలిగించాడా, అని రెండుసార్లు అడిగింది.

మేం బయల్దేరుతుంటే ట్రక్ దాకా వచ్చి, ఆత్మల పండగకి నన్ను తీసుకెళ్ళు, ఆ లీజువాణ్ణి కూడా అప్పుడే రమ్మను, అంది.

నవంబర్ 2, బుధవారం

గేటు తీసే ఉంది. మామ్మ మా వంటింట్లో లీజు మీద సంతకం పెట్టింది, ఆగ్నెస్ ఓపియేలా ట్రెవీన్యో, పూర్తిగా.

చర్చి వెనక గొర్రెపిల్ల రాయి దగ్గర నేను రెండు కొవ్వొత్తులు తీశాను. మామ్మ ఒకటి వెలిగించి చిన్నదానికి పెట్టింది. ఇన్నేళ్ళూ నీ పేరు వాడుకున్నానే అంది దానితో.

రెండోది నా చేతిలోంచి తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తర్వాత పనికొస్తుందట.