శివుడి ముందు పిచ్చిమొక్క

రుస్తాఖ్, 1994. శివరాత్రి.

జాగారం మాట అటుంచితే, ఇవాళ నాకు నిద్ర ఎలాగూ రాదు.

డ్యూటీ దిగి రూమ్‌కు రాగానే శివుడి ఫోటోకు దండం పెట్టాను. కళ్లు తెరిస్తే ఫోటో ముందు ఆ మొక్క, వేళ్లకు మన్నుతో సహా.

వాగు పక్కన పైపులైన్ తవ్వుతుంటే కనబడిన మొక్క అది. తింటే మతి చెడి లేనివన్నీ కనబడతాయట. ఒమాన్ కొండల్లో తప్ప ఎక్కడా లేదని, ఇక్కడా కరువైపోయిందని, గింజ రాలేదాకా ఎవరూ ముట్టొద్దని ఒమానీ ఇంజినీర్ సలీం చెప్పాడు. దానికోసం పైపుల కాలువనే పక్కకు జరిపించాడు. మనవాళ్లకు తెలియాలని "మన ఉమ్మెత్త లాంటిదిరా" అన్నాను. మా ఊరివాడే, నా రూమ్‌లోనే ఉండే రాజన్న, "శివుని మీద ఒట్టు, నేను చూసుకుంట" అన్నాడు.

ఇవాళ అడిగితే వాడి గొంతు కూడా తగ్గలేదు.

"ఉమ్మెత్త అని నువ్వే అన్నవ్ గదనే! పండుగపూట శివునికి పెట్టిన. అమ్ముకున్ననా?"

"పువ్వు తెంపితే తెంపినవ్. వేళ్లతోని ఎందుకు పీకినవ్‌రా?"

"గుంజితే వచ్చింది."

గుంజితే వచ్చిందట! కాయలింకా పచ్చివే, ఒక్క గింజా ముదరలేదు. బకెట్లో మన్ను పోసి నాటాను కానీ అప్పటికే తల వాల్చేసింది. పక్కగదిలో ఇప్పుడు అందరికంటే గట్టిగా భజన చేస్తున్నది వాడే.

పోయిన వారం సలీం మొక్క చుట్టూ కంచె వేయిస్తానన్నాడు. "కంచె ఎందుకు సార్, రాజన్న ఉన్నాడు కదా" అన్నది నేనే.