వల గొడుగు

14-6-1985, శుక్రవారం. ఎండ తగ్గలేదు. పొద్దున ఖాళీ కొట్టం ఊడ్చాను.

బర్రెను అమ్మి ఇనుప వల కొన్నాను. ఉపగ్రహం నుంచి టీవీ బొమ్మ పట్టే గొడుగు సొంతంగా బిగించాను. దాన్ని కొంటానన్న రొంపిచెర్ల వెంకయ్య బావ ఇవాళ వచ్చాడు.

"పేటలో టీవీ టవరేత్తన్నారంట బావా. గెడకర్రకి యాంటెనా కట్టుకుంటే చాలంట. ఇంక నీ గొడుగేం జేసుకోను, వడియాలు ఎండబెట్టనా?"

ఉపగ్రహాన్ని పంపడానికి మనవాళ్ళు పరాయి దేశపు రాకెట్‌కు కిరాయి కట్టారని పేపర్లో చదివాను. పైన అంత ఖర్చు పెట్టినవాళ్ళు కింద టవరు కూడా వేస్తారని తట్టలేదు.

సాయంత్రం పాలు కొనుక్కొచ్చాను. "ఆ వల విప్పితే కోళ్ళకి గూడవుద్ది గదా" అంది మా ఆవిడ, మామూలుగానే.

పానా తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. గొడుగు ఇంకా ఉపగ్రహం వైపే తిరిగి ఉంది. మొదటి నట్టు వదులు చేశాను.