తెల్ల పడవకు బొట్టు

నాగేంద్రం, ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలయింది. ఇక్కడ భవానీపురంలో అమ్మాయి ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. వేళకు కాఫీ, వేళకు మాత్రలు. అదే సిగ్గుగా ఉంది...

ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను, చెబుదామంటే నీ ఫొటో వంక చూడలేను. నాకు చాలా సంతోషంగా ఉంది నాగేంద్రం! ఎంత సంతోషమంటే, నిన్న స్నానం చేస్తూ పాట అందుకున్నాను. సగంలో నువ్వు గుర్తొచ్చి గబగబా నీళ్ళు గుమ్మరించుకుని బయటికొచ్చేశాను.

మన ధనం అండమాన్ దీవుల చుట్టూ తిరగడానికి పడవ మాట్లాడుతోంది. మామూలు లాంచీ కాదు. పెద్ద తెరచాప పడవ, కొంగలా తెల్లగా ఉంది. వారం రోజులు అచ్చంగా మనకే అద్దెకిస్తారట. ఒక దీవి దగ్గర లంగరు వేసుకుని, వండుకు తిని, పడవలోనే పడుకుని, పొద్దున్నే ఇంకో దీవికి పోవడం. ధనం, అల్లుడు, నేను. వస్తావా నాన్నా అని అది అడిగిందో లేదో, వస్తానని అరిచాను! నా చిన్నప్పుడు మా నాయన తెరచాప ఎత్తేవాడు. తర్వాత ఇంజన్లొచ్చాయి, ఆ చప్పుడుకే నా చెవులు పోయాయి. ఈ వయసులో మళ్ళీ గాలితో పోయే పడవ... నా నుదుట ఇది కూడా రాసి ఉందా?

వీడియో కాల్‌లో పడవాయన కనపడగానే, చేపలకి ఐసు ఎంత పడుతుంది, వలలు ఎక్కడ పెడతారు అని అడిగేశాను. వాళ్ళకి ఐసు జ్యూసులోకట! అల్లుడు కుర్చీలోంచి పడేలా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ ఊపులోనే తప్పు చేశాను. పడవ ఫొటో పెట్టి మనవాళ్ళందరికీ వాయిస్ పంపాను, నవ్వుతూ, కేకలేస్తూ. ఏ గ్రూపులోనో తెలుసా? నీ పెద్దకర్మ కబుర్లు చెప్పడానికి అల్లుడు చేసిన గ్రూపులో. పైన దండ వేసిన నీ ఫొటో... కింద నా కేరింతలు. తీసెయ్యడం నాకు చేతకాదు. ధనం ఆఫీసు నుంచి వచ్చేదాకా అది అలాగే ఉంది. నీ చెల్లెలు రమణ దాని కింద దణ్ణం బొమ్మ ఒకటి పెట్టింది. తిట్టినట్టా? పోనీలే పాపం అన్నట్టా?

నీ సంవత్సరీకం కాకుండా ఇల్లు కదలనని చెప్పేశాను. ధనం సరేనని ఆ తర్వాతి రోజులకు మార్చింది. అయినా మనసు కుదుటపడలేదు. మొన్న ఎవరికి ఏ గది అని చూసుకున్నారు. నాకు విడిగా ఒక గది. గుండ్రటి కిటికీలోంచి సముద్రం. మంచం ఇద్దరిది, దిళ్ళు రెండు. ఆ రెండో దిండు చూశాక అన్నం సయించలేదు.

నువ్వు ఒక్కసారైనా పడవ ఎక్కలేదు కదా... మన పల్లెలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టేది నువ్వే. ఒడ్డున ఉండిపోయేదీ నువ్వే. మోకాళ్ళదాకా తడిసి, చెంగు దోపుకుని అనేదానివి: "ఏమయ్యో! బొట్టు పెట్టే చెయ్యి పనికొచ్చిద్ది, ఎక్కే కాలు పనికిరాదా?"

నేను నవ్వి పడవ నెట్టేవాణ్ణి. నువ్వూ నవ్వేదానివి. అది వేళాకోళమేనా నాగేంద్రం? లేక నిజంగానే అడిగావా?

ధనం ఈమధ్య, పడవ చుక్కాని కాసేపు తానే పడతానంది. నేను చప్పట్లు కొట్టాను! మన ఆచారం ఎవరికీ గుర్తు రాలేదు. నాకైనా రాలేదు. ఇంత తేలిగ్గా పోయేదా అది? పోయేదే అయితే, నువ్వుండగా ఎందుకు పోలేదు?

ఈ పడవకూ పసుపు రాసి బొట్టు పెడతామని ధనం చేత అడిగించాను. పసుపు మరక తెల్ల రంగు మీద పోదని పడవాయన భయపడ్డాడు. తుడిస్తే పోయే చిన్న కుంకుమ బొట్టు అయితే సరేనన్నాడట. ధనం తాను పెడతానంది. వద్దన్నాను. మగవాడు పడవకు బొట్టు పెట్టడమేమిటని మనవాళ్ళు అంటారు. అననీ. ఈసారి నేనే పెడతాను.

నువ్వు మాత్రం ఒడ్డున నిలబడకు. నేను వంగి బొట్టు పెట్టి లేచేలోపు ఎక్కి కూర్చో. కిటికీ వైపు దిండు నీది.

ఇట్లు,
నీ 'ఏమయ్యో'