హాల్లో తాత పడక కుర్చీ

శనివారం రాత్రి

ఈరోజు శంషాబాద్ కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించాం. మహేశ్వరం నుంచి తెచ్చుకున్న తాత టేకు పడక కుర్చీని హాల్లో వేశాను. జబ్బకు నానమ్మ వెండి దండకడియం పెట్టుకున్నాను. మా ఆయన అక్క చూసి మొహం చిట్లించింది.

"గా ముసలి కుర్చీ ఏంది? బాల్కనీల పడెయ్. కడియం గూడ తియ్, సుట్టాలు నవ్వుతరు."

"నవ్వనీ వదినా. నాకు గివే ఇష్టం. నా ఇంట్ల గిట్లనే ఉంట."

అందరి ముందే అన్నాను. కడియం తీయలేదు. వదిన తినకుండానే వెళ్ళిపోయింది. అదొక్కటే గుబులుగా ఉంది.

రేపు వదినకు ఫోన్ చేసి భోజనానికి పిలుస్తాను. వస్తే కొసరి కొసరి వడ్డిస్తాను. తప్పయిందని మాత్రం అనను.