సంకల్పంలో ఏ మాట

చిరంజీవి రాగసుధకు అమ్మ దీవెనలు.

నాన్నగారూ నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ వేళకు తింటున్నావని అనుకుంటున్నాను. ఫోనులో అయితే నా గొంతే నన్ను పట్టిస్తుందని ఇన్నాళ్లకు కాగితం తీసుకున్నాను.

మిర్చి ఎండిందా అని అడిగావు. కాయలింకా కల్లంలోనే ఉన్నాయి. మబ్బు పట్టినప్పుడల్లా నాన్న వెళ్లి పట్టాలు కప్పి వస్తున్నారు. టీవీ చూస్తున్నావా అనీ అడిగావు. నువ్వు వార్తలు రాసే ఛానలే పెడుతున్నాను తల్లీ. సరిహద్దులో స్వల్ప ఉద్రిక్తత అని మీరంటారు. ఇంకో ఛానల్లో సైరన్ మోగించి మహాయుద్ధం అంటారు. పక్కింటి ఖుర్షిదా చూసి, "రెండూ కలిపి సగం చేసుకోమంటారా వదినా?" అంది. నవ్వాను గానీ టీవీ కట్టేశాను.

శుక్రవారం గుడిలో నీ తమ్ముడు సాయిరాం పేరున అర్చన చేయించాను. పూజారి త్యాగరాజు గారు గోత్రం, నక్షత్రం అడిగి, "సంకల్పంలో ఏమని చెప్పమంటారమ్మా? యుద్ధభయం అననా?" అన్నారు. సంకల్పంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా. యుద్ధమంటే నేనే దాన్ని పిలిచినట్టవుతుందేమో. ఉద్రిక్తత అంటే దేవుడు కూడా స్వల్పమే అనుకుంటాడేమో.

ఇక దాచలేను. సాయిరాం మనందరికీ చెప్పినట్టు సైన్యం శిక్షణ శిబిరంలో లేడు. మీరు స్వల్పమంటున్న ఆ చోటే ఉన్నాడు. అర్చనకు ముందు సోమవారం ఫోను చేసినప్పుడు మాట మధ్యలో ఏదో పగిలినట్టు పెద్దగా మోగింది. "ఏం లేదమ్మా, తలుపు" అన్నాడు. నేను వదల్లేదు. అప్పుడు చెప్పాడు. "అక్కకు మాత్రం చెప్పొద్దు. తెలిస్తే వార్తలో నాకోసం మాట పెంచుద్ది" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఫోను లేదు. మోగితే భయం, మోగకపోతే భయం.

మాట పెంచమనడం లేదమ్మా. నాన్నకింకా తెలియదు, పెంచితే ఆయన తట్టుకోలేరు. ఆ 'స్వల్ప' ఒక్కటి తీసేయగలవేమో చూడు. ఉద్రిక్తత అని ఊరుకుంటే, దేవుడి పేరు తలుచుకుని చూడగలను.

చివరికి త్యాగరాజు గారితో, "వాడున్న చోట వాడికి క్షేమం అనండి, చాలు" అన్నాను. ఆయన అలాగే చదివారు.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. ఆఫీసులో ఎవరికీ చూపించకు. చూపించావంటే, వాడున్న చోటు కూడా మీ టీవీ అడుగున అక్షరాలై పరిగెత్తుతుంది.

ఇట్లు,
నీ కబురు కోసం, వాడి కబురు కోసం చూస్తున్న
మీ అమ్మ
రాజరాజేశ్వరి