కిందికి ఇరవై వేల ఆరువందల అడుగులు

ఇబ్రహీంపట్నం,
5 జూన్ 2006

ఎముకల పరిశోధన ఆఫీసులో కూర్చున్న పెద్దలకు బావుల నారయ్య దండాలు పెట్టి రాయించేది ఏమంటే,

మీ ప్రకటన పేపర్లో చూశాను. చూశాను అంటే, మా ఇంటిది రేణుకమ్మ చదివితే విన్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది కూడా ఆమే. ఆమె ఏడో తరగతి పాసైంది. నాకు సంతకంలో మొదటి అక్షరం దాకా వస్తుంది, తర్వాత చెయ్యి ఆగుతుంది. గాలిలో ప్రాణవాయువు తక్కువ ఉన్న చోట ఏడాదికి మించి పనిచేసినవాళ్లు కావాలని, వాళ్ల ఎముకలు, ఒంట్లో తిండి అరిగే తీరు ఉచితంగా పరీక్షిస్తామని మీరు వేయించారు. ఆ మనిషిని నేనే.

ముప్పై ఏళ్లు బావుల్లో పూడిక తీశాను. ఎండాకాలం నీళ్లు అడుగంటగానే ఇబ్రహీంపట్నం నుంచి నాదర్‌గుల్ దాకా నాకే కబురు వచ్చేది. దిగే ముందు లాంతరు వెలిగించి తాడుతో కిందికి వదిలేవాళ్లం. దీపం నిలిస్తే మనిషి దిగాలి. ఆరిపోతే ఎవరూ దిగొద్దు. అప్పుడు వేపమండలు మోపు కట్టి బావిలోకి వదిలి, పైకీ కిందికీ గుంజి గాలి తిప్పేవాళ్లం. దీపం నిలిచినా అడుగున గాలి పలచగానే ఉండేది. గంప నింపేసరికి రొమ్ము బరువెక్కేది. అటువంటి గాలి నాకంటే ఎక్కువ పీల్చినవాడు ఈ తాలూకాలో లేడు.

సాక్ష్యానికి మా లాంతరు పంపిస్తున్నాను. జిరాక్సు షాపు ధర్మేందర్ కాగితాల కోసం సిటీకి వస్తుంటే అతని చేతికి ఇచ్చాను.

మీ పిలుపు కోసం కూర్చున్న,
నారయ్య

మరో మాట: పైదంతా ఆయన మాట, ఇది నా మాట. ఆయన ఎముకలకు ఏమీ కాలేదు. నిన్ననే బర్రె తప్పించుకుంటే చెరువు కట్ట దాకా ఉరికి పట్టుకొచ్చాడు. గాలి తక్కువయ్యేది ఆయనకు కాదు, ఆయన మాట్లాడుతుంటే పక్కన కూర్చున్నవాళ్లకు. — రేణుకమ్మ


ఎత్తు ప్రాంతాల ఆరోగ్య అధ్యయన కార్యాలయం,
ఎల్బీ నగర్, 19 జూన్ 2006

నారయ్య గారికి నమస్కారములు.

మీ ఉత్తరము, లాంతరు అందినవి. మా అధ్యయనము మంచు కొండల్లో పనిచేసి వచ్చిన సైనికులు, రోడ్డు పనివారి కోసం ఉద్దేశించినది. సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైన కనీసం ఒక సంవత్సరం నివసించి ఉండాలి. ఇబ్రహీంపట్నం అంత ఎత్తులో లేదని మనవి.

అయినను నిబంధన ప్రకారం దరఖాస్తు ఫారం జతపరుస్తున్నాము. అర్హులైనవారు తమతో ఒక జత వ్యక్తిని తీసుకురావాలి. అదే ఇంటి తిండి తింటూ, ఆ ఎత్తుకు ఎన్నడూ వెళ్లనివారై ఉండాలి. ఇద్దరి ఎముకలనూ ఒకే యంత్రం మీద పరీక్షించి పోల్చి చూస్తాము.

ఇట్లు,
సాయిశ్రీ, పరిశోధన సహాయకురాలు

తా.క.: లాంతరును ఏ ఫైలులో పెట్టవలెనో మా నిబంధనల్లో లేదు. ప్రస్తుతం ఆవక జావక రిజిస్టరు మీద ఉన్నది. రిజిస్టరుకు కిరోసిన్ వాసన వస్తున్నదని మా గుమాస్తా ఫిర్యాదు. దయచేసి వెనక్కు తీసుకుపోగలరు.


ఇబ్రహీంపట్నం,
3 జూలై 2006

సాయిశ్రీ మేడం గారికి నారయ్య దండాలు.

ఫారం నింపి పంపుతున్నాను. ఎత్తు అడిగిన చోట "కిందికి" అని రాయించాను. ఎత్తయితేనేం, లోతయితేనేం, గాలి తక్కువ కావడమే కదా మీకు కావలసింది.

మూడు వేల మీటర్లు అన్నారు. నేను దిగిన బావులు నాలుగు వందల పన్నెండు. సగటున ఒక్కోటి యాభై అడుగులు. అన్నీ కలిపితే ఇరవై వేల ఆరువందల అడుగులు. ధర్మేందర్ మీటర్లలోకి మార్చి ఆరు వేలు దాటింది అన్నాడు. మీరు అడిగినదానికి రెట్టింపు నా దగ్గర ఉంది. కింద మా గోపయ్య పట్వారీ ధ్రువీకరించి ముద్ర వేశారు.

జత వ్యక్తి అన్న చోట రేణుకమ్మ పేరు పెట్టాను. ఆమె ఎన్నడూ బావిలోకి దిగలేదు. నేను లోపల ఉన్నంతసేపూ ఒడ్డున నా నడుము తాడు పట్టుకుని నిలబడేది. ఒకసారి గుంజితే బాగున్నాను అని, రెండుసార్లు గుంజితే పైకి లాగమని. ముప్పై ఏళ్లు మేము మాట్లాడుకున్నది సగం తాడుతోనే. ఇప్పుడు ఒకే గదిలో ఉండి నేను నాలుగుసార్లు పిలిచినా పలకదు.

లాంతరును మీ దగ్గరే ఉంచండి. పని అయ్యాక మేమిద్దరం వచ్చి తీసుకుపోతాం.

నారయ్య

మరో మాట: లెక్క నేనే చేశాను, హెచ్చవేత సరైనదే. కాని నేను తాడు పట్టిన బావులు మూడు వందల అరవై. మిగతా యాభై రెండూ ఆయన అరుగు మీద కూర్చుని దిగినవి. గోపయ్య గారి ముద్ర అసలుదే. ఆయన పట్వారీ పని పోయి మాత్రం ఇరవై ఏళ్లు దాటింది. నా పేరు ఎందుకు పెట్టాడో నాకు తెలియదు, నన్ను అడగలేదు. — రేణుకమ్మ


ఎల్బీ నగర్,
17 జూలై 2006

నారయ్య గారికి నమస్కారం.

మీ ఫారం చూసి మా డాక్టర్ జగదీశ్వర్ గారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. బావుల లోతులు కలపడానికి వీల్లేదండీ. అలా అయితే మా ఆఫీసు మూడో అంతస్తుకు రోజూ మెట్లెక్కే అటెండరు ఈపాటికి హిమాలయం దాటి ఉండాలి.

విషయం ఏమిటంటే, కొండ మీద మనిషి పగలూ రాత్రీ ఆ పలచని గాలిలోనే ఉంటాడు. ఆకలి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, ఒంట్లో చక్కెర ఖర్చయ్యే తీరు మారుతుంది. మన ఎముక రాయిలాంటిది కాదు. లోపల పాతదాన్ని తొలిచేవీ, కొత్తది కట్టేవీ రోజూ పని చేస్తూ ఉంటాయి. గాలి చాలనప్పుడు తొలిచే పని పెరిగి కట్టే పని వెనకబడుతుందా అన్నదే మా ప్రశ్న. మీరు గంటసేపు దిగి పైకి వచ్చేస్తారు కనుక మీ సంగతి వేరు.

రేణుకమ్మ గారు జత వ్యక్తిగా పనికిరారు. ఒక వయసు దాటాక ఆడవారి ఎముకలు వేరే కారణాలతో పలచబడతాయి, పోలిక చెడిపోతుంది. మగవారే కావాలి. మీకు తమ్ముడెవరైనా ఉన్నారా?

ఇట్లు,
సాయిశ్రీ

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు. నిన్న కరెంటు పోయినప్పుడు మీ లాంతరు వెలిగించాం. గుమాస్తా ఫిర్యాదు వెనక్కు తీసుకున్నారు.


ఇబ్రహీంపట్నం,
31 జూలై 2006

సాయిశ్రీ బిడ్డకు నారయ్య దీవెనలు.

లోతు పనికిరాదన్నావు కనుక ఎత్తు కోసమే పోయాను. నాదర్‌గుల్‌లో విమానాలు నేర్పే బడి ఉంది కదా, అక్కడికి పోయి నన్ను ఒక్కసారి మూడు వేల మీటర్లకు ఎక్కించి దించమన్నాను. ఏడాదిపాటు ఉండాలని నువ్వు రాసింది వాళ్లకు చెప్పలేదు, ముందు ఎక్కనీ అనుకున్నాను. వాచ్‌మన్ మంచివాడు. చాయ్ తాగించి, నా భుజం పట్టుకుని షేర్ ఆటో దాకా తెచ్చి దిగబెట్టాడు.

అటు పోయినందుకు పాత జాగలు చూసినట్టయింది. విమానాల బడి వెనక ఒక రాతి బావి ఉండేది. మెట్లు చెక్కిన తీరు చూస్తే దిగబుద్ధి అయ్యేది. దానిలో పూడిక తీసినప్పుడు మట్టిగంపలో ఎవరో చిన్నపిల్ల వెండి పట్టీ దొరికింది. ఇల్లిల్లూ అడిగితే ఒక ముసలావిడ, అరవై ఏళ్ల కింద తను పారేసుకున్నదని చేతిలో పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఆ బావి మీద మూడంతస్తుల ఇల్లు లేచింది. తుర్కయాంజాల్‌లో నేను దిగినవాటిలో ఒక్కటీ మిగలలేదు, అన్నిటికీ ప్లాటు నంబర్లు పడ్డాయి. తుక్కుగూడ వైపు రింగు రోడ్డుకు రాళ్లు పాతారు. ఎక్కడ ఏ బావి ఉండేదో ఇప్పుడు చెప్పమంటే నాకే అంచనా దొరకడం లేదు. నాకు చాలా బాధగా ఉంది బిడ్డా.

తమ్ముడు లింగస్వామి ఉన్నాడు కాని పనికిరాడు. చిన్నప్పుడు ఒకసారి బావిలో పడ్డాడు. అంటే వాడూ ఆ గాలి పీల్చినట్టే లెక్క. జతకు రేణుకమ్మనే రాసుకో. ఇంకెవరూ లేరు.

నారయ్య

మరో మాట: లింగస్వామి పడింది బావిలో కాదు, కుంటలో. మోకాలి లోతు. అప్పుడు కూడా బర్రె తోక పట్టుకునే ఉన్నాడు. ఈయన విమానానికని ఇస్త్రీ ధోతి కట్టుకుని పోయాడు. పైన చలి ఉంటుందని నా శాలువా కూడా అడిగాడు. ఇచ్చాను. — రేణుకమ్మ


ఎల్బీ నగర్,
10 ఆగస్టు 2006

నారయ్య గారికి, రేణుకమ్మ గారికి నమస్కారం.

శుభవార్త. వెండి పట్టీ ఉత్తరం నేను డాక్టర్ గారికి చదివి వినిపించాను. పట్టీ సంగతి ఆయన మళ్లీ ఒకసారి చదివించుకున్నారు. తర్వాత, బావుల్లో పనిచేసినవాళ్ల మీద విడిగా చిన్న పరిశీలన చేద్దామని, మొదటి మనిషి మీరేనని అన్నారు.

21వ తేదీ సోమవారం పొద్దున పరగడుపున రండి. రక్తం తీసి చక్కెర చూస్తాం, ఊపిరి కొలుస్తాం, తర్వాత ఎముకల యంత్రం మీద పదిహేను నిమిషాలు పడుకుంటే చాలు. నొప్పి ఉండదు.

జత విషయంలో మాత్రం డాక్టర్ గారు ఒప్పుకోలేదు. కుంటలో పడటం అడ్డంకి కాదట. లింగస్వామి గారిని తప్పక తీసుకురండి. రేణుకమ్మ గారిని ఈ వయసులో షేర్ ఆటోలో అంత దూరం తిప్పి శ్రమపెట్టకండి.

ఇట్లు,
సాయిశ్రీ

తా.క.: లాంతరును ఆఫీసు ఆస్తుల జాబితాలో ఎక్కించాలని గుమాస్తా పట్టుబడుతున్నారు. త్వరగా రండి.


ఇబ్రహీంపట్నం,
16 ఆగస్టు 2006

సాయిశ్రీ బిడ్డా,

ఈ ఉత్తరం ధర్మేందర్ రాస్తుండు. నేను నోటితోని చెప్పింది చెప్పినట్టే రాయుమన్న. ఇన్నొద్దులు ఆమెతోనే రాయిస్తిని, గందుకే అసలు ముచ్చట చెప్పరాకపాయె.

లింగస్వామిని నేను తేను. వాని ఎముకలు నాకెందుకు? నా ఎముకలు గూడ నాకొద్దు, నాకేం గాలే. నేను గీ తిప్పలన్ని పడ్డది రేణుక కోసం.

నిరుడు గడప కాడ జర జారి చెయ్యి ఆనిచ్చింది. గంతే, మణికట్టు ఇరిగింది. కట్టు కట్టిపిచ్చుకుంది గాని దవాఖానకు రాలే. ఎన్ని మాట్ల అడిగినా "నాకేమైంది, నువ్వు పో" అంటది. రెండేండ్ల సంది మనిషి పొట్టిగైతుంది బిడ్డా. దండెం మీద బట్టలు ఆరేస్తే అందుతలేదు. ఆమెకు తెల్వకుంట రెండుసార్లు దండెం కిందికి గట్టిన. మల్ల అందుతలేదు. ఇగ నాకు భయమైంది. బావిల దీపం ఆరిపోయినప్పుడు గూడ నాకు గింత భయం కాలే.

ఎముకలు ఉత్తగ చూస్తరని పేపర్ల సదివింది ఆమెనే. నా కోసమంటే యాడికైనా తోడొస్తది, ఆమె కోసమంటే గడప దాటది. జత మనిషిని గూడ మిషన్ మీద పండవెడ్తరని నువ్వు రాసిన నాడు నాకు అన్నం సయించింది. ఇప్పుడు వద్దంటున్నవ్. నీ పోలిక చెడిపోతే చెడిపోనీ. డాక్టరు సారుకు జర నచ్చజెప్పు. ముందుగాల నన్ను పండవెట్టు. నన్ను చూసి నవ్వుతది, నవ్వుకుంటనే తను గూడ ఎక్కుతది.

ఏం తేలినా ఆమెకే చెప్పు, సదువుకున్న మనిషి, తట్టుకుంటది. నాకు మాత్రం జర మెల్లగ చెప్పు.

నీ
నారయ్య

మరో మాట: ఉత్తరాలు డబ్బాలో వేసేది ఎప్పుడూ నేనే. ఆయన అలవాటు ప్రకారం దీన్ని కూడా నాకే ఇచ్చి, "ధర్మేందర్ షాపు కాయితాలు, జర పోస్టు చెయ్" అన్నాడు. కవరు మీద నీ పేరు ఉంది బిడ్డా. విప్పి చదివాను. తప్పే.

దండెం దించిన సంగతి ఆయన మొదటిసారి దించిన నాడే నాకు తెలిసింది. కొత్త ముడి ఆయనదే, ఇంకెవరూ అట్లా వేయరు. ఊరుకున్నాను. దవాఖానకు పోతే ఏదో ఒకటి తేలుతుంది, తేలితే ఈయన ఏమైపోతాడో అని నాకు భయం. అందుకే పోలేదు.

సోమవారం ఇద్దరం వస్తాం. డాక్టర్ గారు ఒప్పుకోకపోయినా సరే, ఆ యంత్రం మీద పడుకోకుండా నేను అక్కణ్నుంచి కదలను. ఆయన్ని చూసి నవ్వుతాను కూడా. కాని నేను ఇది చదివినట్టు ఆయనకు చెప్పకు. పెళ్లయి ముప్పై తొమ్మిదేళ్లయింది. నాకు తెలియకుండా ఒక్క పనైనా చేయగలిగానని పొద్దుటి నుంచి ఆయన మొహం వెలిగిపోతోంది. — రేణుకమ్మ